నోరు తెరిచిన మడతకత్తి

లోహమేఖలా నగరంలో పొద్దు ఇనుము మీదే పొడిచి ఇనుములోకే కుంగుతుంది. కోట గోడలు ఇనుము, గోపురాలు ఇనుము, వీధుల్లో పరిచిన పలకలు ఇనుము. పొద్దెక్కేసరికి ఊరంతా కాగిన పెనంలా ఎర్రబడుతుంది. గోడ మీద వాలిన గువ్వ మళ్ళీ రెక్క ఎత్తలేక అక్కడే మాడిపోతుంది. ఇంత ఇనుమున్న ఊళ్ళో చూపుడువేలి కన్నా పొడవైన కత్తి ఒక్కటి లేదు. నిలువుకత్తి వల్లనే తనకు చావు ఉందని విన్న మాంత్రికుడు జటాంగారుడు, రాజును చెరలో వేసి సింహాసనం ఎక్కిన రోజే, మడవడానికి వీల్లేని ప్రతి ఆయుధాన్నీ కరిగించి ప్రాకారాలకు పోయించాడు. నాటి నుంచి ఆ ఊళ్ళో కూర తరగాలన్నా, గడ్డం గీయాలన్నా, పుట్టిన బిడ్డకు బొడ్డు కోయాలన్నా మడతకత్తే.

ఆ మడతకత్తులు అమ్మే వీధి మధ్యలో ఒక రాతికంబం ఉంది. దాని మొదట్లోంచి బొటనవేలంత లావున ఒక తీగ లేచి, కొమ్మలు కొమ్మలుగా చీలి, కంబాన్ని పెనవేసుకుంది. దాన్ని ఉరగలత అంటారు. దానికి ఆకుల్లేవు, పువ్వుల్లేవు. నల్లటి బెరడు మాత్రం పాము పొట్టలా మెల్లగా ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది.

తేనె అమ్మేవాడి వేషంలో జనం మధ్య నిలబడి, హరితగిరి యువరాజు శరభసేనుడు ఆ తీగ చేసే పని కళ్ళారా చూశాడు.

కంబానికి ఒక సాలెవాడు చిక్కుకుని ఉన్నాడు. అతని అన్న మోకాళ్ళ మీద కూచుని, దంతపు పిడి ఉన్న అందమైన మడతకత్తితో తీగ మొదలును కోస్తున్నాడు. పక్కనే గంగాళంలో, అడుగున సన్నటి బెజ్జమున్న రాగిగిన్నె తేలుతూ నీళ్ళు నింపుకుంటోంది. గిన్నె అంచు నీటికి సమమయ్యేసరికి అన్న కంగారుపడి కత్తిని ముందుకు పొడిచాడు. పొడిచిన కత్తి పుటుక్కున మడుచుకుంది. అతని వేళ్ళు పిడికీ అలుగు పదునుకీ మధ్య ఉండిపోయాయి. అతని కేకలో తమ్ముడి కేక కలిసిపోయింది. గిన్నె మునిగింది. తీగ ఒక్కసారి బిగుసుకుని, తర్వాత వదులైంది. ఎండుకట్టెల మోపు జారినట్టు శవం కింద పడింది.

ఎదురుగా ఇనుప మేడ మీద జటాంగారుడు దానిమ్మపండు ఒలుచుకుంటున్నాడు. అతని జడల కొసల్లో నిప్పుకణికలు మిణుకుమంటున్నాయి. "ఈసారి తొందరగా అయిపోయింది" అన్నాడు, పాట మధ్యలో ఆగినందుకు నొచ్చుకున్నట్టు.

శవాన్ని ఈడ్చుకుపోతున్న భటుల్లో ఒక ముసలివాడు మేడ వైపు చూశాడు. మాంత్రికుడి కళ్ళు పండు మీద ఉన్నాయి. ముసలి భటుడు గబుక్కున వంగి, చచ్చినవాడి రెప్పలు మూసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కాళ్ళు పట్టుకున్నాడు.

"తర్వాతివాడు!" అని అరిచాడు చాటింపువాడు.

భటులు పోతులయ్యను తోసుకొచ్చారు.

పోతులయ్య శరభసేనుడి దాది కొడుకు. ఇద్దరూ ఒకే తల్లి పాలు తాగి పెరిగారు. గుడ్డివాడైపోయిన హరితగిరి మహారాజుకు చూపు తెచ్చే చంద్రజలం జటాంగారుడి మేడలో ఉందని తెలిసి, ఇద్దరూ తేనెబుర్రలు మోసుకుంటూ పొద్దున్నే ఈ కోటలోకి వచ్చారు. వాకిట్లో సోదా చేస్తే ఒక బుర్రలోంచి యువరాజు ఖడ్గం బయటపడింది. శరభసేనుడు నోరు తెరిచేలోపే, "నాదే, నేనే దాచాను. ఈయనెవరో నాకు తెలీదు" అన్నాడు పోతులయ్య.

ఇప్పుడు కంబానికి ఆనించగానే తీగ తనంతట తానే వచ్చి అతన్ని చుట్టుకుంది.

"ఓసోసి, మెల్లగా! చంకలో దూరకు, కితకితలు" అన్నాడు పోతులయ్య. జనంలో ఎవరో నవ్వబోయి నోరు మూసుకున్నారు.

చాటింపువాడు డప్పు మీద ఒక దెబ్బ వేశాడు. "వీడి తరఫున కోతకు అయినవాళ్ళెవరైనా ఉన్నారా?"

శరభసేనుడు నెత్తి మీది తేనెబుర్రను నేలకేసి కొట్టాడు. తేనె ఇనుప పలకల మీద చురచురమని పొంగింది. "నేనున్నాను. వాడు నా తమ్ముడు."

"పొద్దున ఎవరో తెలీదన్నాడే?" అన్నాడు చాటింపువాడు.

"ఇంట్లో పోట్లాడుకున్నాం."

జటాంగారుడు గింజ నములుతూ చెయ్యి ఊపాడు. చాటింపువాడు రోజూ చదివే పాఠంలా ఒప్పజెప్పాడు. "ఈ వీధిలో అంగట్లో నోరు తెరిచి ఉన్న ఏ కత్తినైనా ఎంచుకో. ఒక్కదాన్నే ఎంచుకోవాలి. నీ రక్తం రుచి చూడని కత్తిని నీకు అమ్మరు. గిన్నె మునిగేలోగా తీగ మొదలు తెగితే వాడు నీవాడు. మునిగితే తీగవాడు."

ఖాళీగిన్నెను గంగాళంలో పెట్టారు.

శరభసేనుడు ఎదురుగా కనిపించిన అంగడికి పరిగెత్తాడు. పెద్ద పెట్టె ముందు ఒక ముసలమ్మ చాప వేసుకుని కూచుంది. బోసినోరు, చెవుల్లో ఇనుప కమ్మలు. వీధిలోవాళ్ళు ఆమెను ఓబులవ్వ అంటారు. ఆమె పెట్టె మూత తీసింది. లోపల ఎర్రగుడ్డ మీద మడతకత్తులు చేపల్లా వరసగా మెరిశాయి. దంతం పిడులు, చందనం పిడులు, జింకకొమ్ము పిడులు, వెండి తీగ పొదిగినవి, నెమలికన్ను చెక్కినవి. అన్నీ అరచేతిలో ఇమిడేవే, అన్నిటికీ నోళ్ళు తెరిచే ఉన్నాయి.

"చూడు నాయనా, తీరిగ్గా చూడు. తేనె అమ్మే చేతికి ఖడ్గం కాయలెట్లా కాశాయో నేనడగను."

అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"దాస్తే పోతాయా అవి? తియ్యి, ఏదో ఒకటి తియ్యి. మీ తమ్ముడు ఎదురుచూస్తున్నాడు."

ఖడ్గాల గురించి శరభసేనుడికి తెలియనిది లేదు. ఆ చూపుతోనే, అద్దంలా మెరిసే అలుగున్న దంతపు పిడి కత్తిని తీశాడు. ఓబులవ్వ అతని అరచెయ్యి పట్టుకుని సర్రున ఒక గీత గీసింది. నొప్పి తెలియలేదు. అంత పదును. రక్తం మాత్రం బొటబొటా కారి, అంగడి ముందు రాతిలో తవ్విన సన్నటి కాలువలో పడింది.

"పదును బాగుంది" అన్నాడతను. కానీ అలుగు కొస పట్టుకుని కదిపి చూస్తే పాలపన్నులా అటూ ఇటూ ఊగింది. పక్కన పెట్టేశాడు.

"అన్నా!" అన్న కేక వినిపించింది. పోతులయ్య ముఖం కమిలిపోయి ఉంది. "తొందరేం లేదు, అంగడంతా తిరిగి నిదానంగా బేరమాడుకో. నేనెక్కడికీ పోను. కానీ ఇది... ఇప్పుడే కాస్త బిగించింది."

రెండోది జింకకొమ్ము పిడి. మూసి తెరిస్తే టక్కుమని వీధంతా వినపడింది. చుట్టూ చేరిన జనం "ఆహా!" అన్నారు. ఆ ఊరివాళ్ళకు కత్తంటే ఆ చప్పుడే. ఎంత గట్టిగా మోగితే అంత మేలురకం అని వాళ్ళ నమ్మకం. ఓబులవ్వ రెండో గీత గీసింది. ఈసారి నొప్పి భుజం దాకా పాకింది. శరభసేనుడు అలుగును పిడి మీద ఎదురునొక్కి చూశాడు. అలుగును పట్టి నిలిపే లోపలి బద్ద ఫెళ్ళున విరిగింది. పొగరెక్కువై పెళుసుబారిన ఇనుము, మోగడానికే పనికొస్తుంది.

ఈసారి పోతులయ్య ఎడమచెయ్యి చెరుకుగడ విరిచినట్టు విరిగిన చప్పుడు వచ్చింది.

శరభసేనుడు గిర్రున తిరిగి చూశాడు. రాతికాలువలో తన రక్తం సన్నటి ఎర్రదారంలా పాకుతూ పోయి కంబం మొదట్లో ఇంకుతోంది. ఇందాక బొటనవేలంత ఉన్న తీగ మొదలు ఇప్పుడు మణికట్టంత అయింది. వీధిలోని ప్రతి అంగడి ముందు నుంచీ అలాంటి కాలువ ఒకటి కంబం దగ్గరికే పోతోంది.

మంచి కత్తి కోసం ఎన్ని కత్తులు రుచి చూస్తే తీగ అంత లావెక్కుతుంది. చూడకుండా తీసుకుంటే సాలెవాడి అన్నకు పట్టిన గతి. మేడ మీద జటాంగారుడు అతని ముఖంలోకి చూస్తూ, చంటిబిడ్డ మొదటి అడుగు చూసినవాడిలా మురిసిపోయాడు.

"తెలిసిందా?" అంది ఓబులవ్వ. "కొందరికి ఐదారు గీతలు పడ్డాక తెలుస్తుంది. నువ్వు కాస్త చురుకే."

"అవ్వా, నీకు బిడ్డల్లేరా?"

"ఉంటే కత్తి ఉత్తినే ఇస్తాననుకున్నావా? చూసుకో, గిన్నె చూసుకో."

గిన్నెలో నీళ్ళు బాగా లేచాయి. ఇక రుచి చూసేది ఒక్కటే కావాలి. శరభసేనుడు చేతులు కట్టుకుని కళ్ళతో వెతకడం మొదలుపెట్టాడు. ఖడ్గానికి అలుగు పిడిలోకంటా దిగి ఉంటుంది. మడతకత్తి మాత్రం ఒక్క చీల మీద నిలబడుతుంది. బలమంతా ఆ చీలది, వెనక బద్దది. ఒక్కో కత్తినీ అంచులు తగలకుండా పిడి పట్టి ఎండకెత్తాడు. చందనపు దానికి పిడికీ బద్దకీ మధ్య వెలుతురు కనపడింది. వెండి పొదిగినదానికి చీల ఒకవైపే కొట్టి రెండోవైపు లక్కతో పూడ్చారు. నెమలికన్ను దానికి అలుగు పిడి గాడిలో నడిమిన కూచోక ఒక పక్కకు రాసుకుంటోంది.

పెట్టె మూలన, తుప్పు మరకలతో, నల్లటి గేదెకొమ్ము పిడితో ఒక మోటు కత్తి పడి ఉంది. అతని చెయ్యి దాని మీదికి పోయింది.

ఓబులవ్వ కిసుక్కున నవ్వింది. "తెలివైనవాళ్ళంతా చివరికి దాన్నే తీస్తారు నాయనా. మోటుగా ఉంది కాబట్టి మంచిదేననుకుంటారు. వాళ్ళ కోసమనే దాన్నట్టా మాసిపోయేట్టు ఉంచా."

అతను దాన్ని ఎండకెత్తాడు. తుప్పు పైపూత. చీల నిన్న మొన్న కొట్టింది. పెట్టె మొత్తంలో సరైన కత్తి ఒక్కటి లేదు. పక్క అంగళ్ళ పెట్టెలు కూడా ఇలాగే ఉంటాయని ఆ అమ్మేవాళ్ళ దించుకున్న తలలే చెబుతున్నాయి.

"అన్నా..." పోతులయ్య గొంతు గాలిలా ఉంది. "ఇంట్లో అమ్మకు... నేను నవ్వుతూనే ఉన్నానని చెప్పు. కొంచెం అబద్ధమే అనుకో."

ఓబులవ్వ ఒళ్ళో సంచి తీసి, వక్క ఒకటి ఏరుకుంది.

"నువ్వు తేల్చుకునేదాకా నా నోరు ఊరుకోదు. వక్క వేసుకుంటావా?"

"వద్దు."

"పోనీ నాకే."

ఆమె మొలలోంచి ఒక చిన్న మడతకత్తి తీసింది. గోటితో అలుగును పైకెత్తింది. చప్పుడు లేదు. సగం లేచాక అలుగు తనంతట తానే ఆగి నిలిచింది. ఆమె చెయ్యి తీసినా కదల్లేదు. మళ్ళీ వేలితో నెడితే, నూనెలో జారినట్టు పూర్తిగా తెరుచుకుంది. ఏళ్ళ తరబడి సాన పట్టీ పట్టీ అలుగు అరిగి, విదియనాటి చంద్రుడంత అయింది. అయినా కొస ఊగడం లేదు. పిడికీ బద్దకీ మధ్య వెంట్రుక పట్టే సందు లేదు. చీల తల, కొమ్ము పిడిలో కలిసిపోయి, వేలితో తడిమితే తప్ప దొరకదు. ఎండిన వక్క ఆ అలుగు కింద వెన్నలా రెండైంది.

శరభసేనుడు ఆ చేతి మణికట్టును పట్టుకున్నాడు.

"ఇది."

"ఇది నాది. పెట్టెలోది కాదు."

"అంగట్లో నోరు తెరిచి ఉంది."

చాటింపువాడు మేడ వైపు చూశాడు. జటాంగారుడు దానిమ్మపండు పక్కన పెట్టి, ముందుకు వంగి, "నోరు తెరిచి ఉంది నిజమే" అన్నాడు నెమ్మదిగా. అతని జడల్లో కణికలు ఎర్రబడ్డాయి. "రుచి చూపించు, ముసలిదానా."

ఓబులవ్వ శరభసేనుడి చెయ్యి అందుకుంది. అరచేతిలో పాత గాయాల జోలికి పోలేదు. ఉంగరంవేలి కణుపు మీద, ముల్లు గుచ్చుకున్నంత గాటు పెట్టింది. ఆవగింజంత రక్తం పొడుచుకొచ్చింది.

"ఇదేం రుచి?" అన్నాడు పక్కనున్న భటుడు.

"నీ అత్తారింటి విందా ఇది, కడుపు నిండా పెట్టడానికి? కత్తి నాలిక తడిసింది, చాలు" అంది ఓబులవ్వ.

శరభసేనుడు కత్తి అందుకుని కంబం దగ్గర మోకాళ్ళ మీద పడ్డాడు. గిన్నె అంచు నీటికి రెండు వేళ్ళ ఎత్తులో ఉంది. తీగ బెరడు గేదెకొమ్ములా ఉంది. అలవాటు కొద్దీ ఖడ్గంలా ఒక్క పోటు పొడిచాడు. కత్తి మడుచుకోబోయింది. అయితే సగంలో ఆ బద్ద పట్టి నిలిపింది. అతను వేళ్ళు లాక్కునేంత వ్యవధి దొరికింది. చిటికెనవేలి చర్మం మాత్రం లేచిపోయింది. అప్పుడు పొడవడం మాని, అలుగును తన వైపుకి లాగుతూ కోయసాగాడు.

బెరడు తెగింది. లోపలి నుంచి పాలు చిమ్మి, గాలి తగలగానే లక్కలా గట్టిపడ్డాయి. అలుగు అతుక్కుపోయింది. రాతి అంచుకేసి గీకి, మళ్ళీ కోశాడు. మళ్ళీ పాలు, మళ్ళీ గీకడం. చీల వదులు కాలేదు. అలుగు విల్లులా వంగి, తిరిగి నిటారైంది. తీగ అతని మెడను వెతుక్కుంటూ ఒక కొమ్మను చాచింది. పోతులయ్య తన కుడిచేతి వేళ్ళు కదిలినంత మేర చాచి ఆ కొమ్మను పట్టుకున్నాడు. "ఆయన్ను వదిలెయ్యవే. నీ పని నాతో" అన్నాడు. ఆ వేళ్ళు ఒక్కొక్కటే విరుగుతుంటే మాట ఆగిపోయింది, పట్టు మాత్రం వదల్లేదు.

గిన్నె అంచు మీదుగా మొదటి నీటిపొర లోపలికి దొర్లింది.

శరభసేనుడు కత్తిని రెండు చేతులా పట్టుకుని, తన బరువంతా వెనక్కి వేసి లాగాడు. తీగ తెగింది. కసాయి ముందు మేక అరిచినట్టు అరిచి, నల్లటి కొమ్మలన్నీ వడిలిన తోటకూరలా జారిపోయాయి. పోతులయ్య అతని ఒళ్ళో పడ్డాడు. ఆ వెనకే గిన్నె బుడుంగుమంది.

చాలా రోజులకు ఆ వీధిలో జనం కేక వేశారు. పోతులయ్య ఒక కన్ను తెరిచాడు. "బేరం బాగా కుదిరిందా, దొరా?"

డప్పు మోగింది. చాటింపువాడు గొంతు సవరించుకున్నాడు. ఈ పాఠం అతనికి అంతగా అలవాటున్నట్టు లేదు. "తెగింది కాబట్టి వీడు విడుదల. తెంచిన కత్తి కొలిమిపాలు. తెంచే కత్తిని అమ్మినవాళ్ళు కంబంపాలు."

శరభసేనుడికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. వీధి పొడవునా అమ్మేవాళ్ళు తలలు ఎందుకు దించుకున్నారో, అన్ని పెట్టెల్లోనూ ఊగే చీలలూ విరిగే బద్దలూ ఎందుకున్నాయో అప్పుడు తెలిసింది. భటుడు అతని చేతిలోంచి కత్తి లాక్కుని వీధి పక్కనున్న కొలిమిలో పడేశాడు. కొమ్ము పిడి కాలిన వాసన వీధంతా అలుముకుంది.

ఓబులవ్వ అప్పటికే పెట్టె మూసి, చాప చుట్టి గోడకు ఆనించింది. ఎవరూ ఈడ్చకుండానే నడిచి వచ్చింది. కంబం మొదట్లో కొత్త మొలక ఒకటి అప్పుడే తల ఎత్తుతోంది. ఇందాక శవానికి రెప్పలు మూసిన ఆ ముసలి భటుడే ఆమెను కంబానికి నిలబెట్టాడు. కాగిన పలకల మీద ఆమె కాళ్ళు కాలకుండా తన తలగుడ్డ విప్పి పరిచాడు.

"అవ్వా" అన్నాడు శరభసేనుడు. "తెలిసి తెలిసీ ఆ కత్తి ఎందుకు తెరిచావు?"

"వక్క చీల్చుకుందామని. పళ్ళు లేనిదాన్ని, మరెట్లా నమిలేది?" ఆమె సంచిని కొంగున దోపుకుంది. "పో నాయనా. కోట తలుపు తెరిచే ఉంది. ఆ అబ్బాయి చేతికి బద్దలు కట్టించు."

మొలక ఆమె చీలమండను చుట్టుకుంది.

"ఈమె తరఫున కోతకు అయినవాళ్ళెవరైనా ఉన్నారా?" అని చాటింపువాడు అడిగాడు. అడగాలి కాబట్టి అడిగాడు. దూరంగా కోటతలుపు అవతల మామిడితోపుల పచ్చదనం కనిపిస్తోంది.

"నేనున్నాను" అన్నాడు శరభసేనుడు. "ఆమె మనవణ్ణి."

జటాంగారుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. కణికలు రాలి మేడ మెట్ల మీద దొర్లాయి. "తమ్ముడూ ఇక్కడే దొరికాడు, అవ్వా ఇక్కడే దొరికిందా? ఇంకా ఎవరెవరున్నారయ్యా నీకు ఈ ఊళ్ళో? గిన్నె పెట్టండి!"

ఓబులవ్వ తిట్టింది. "బుద్ధిలేని సన్నాసీ! నిన్ను కన్నతల్లికి ఈ కబురు ఎవరు చెప్తారురా?"

శరభసేనుడు వీధి వైపు తిరిగాడు. అతను తిరిగేసరికే ఒక్కో పెట్టె మూత పడుతోంది. దబ్, దబ్, దబ్. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, తెరిచి ఉన్న నోళ్ళన్నీ మూసుకున్నాయి. పోతులయ్య, విరిగిన చెయ్యి ఛాతీకి ఆనించుకుని, తూలుతూ వచ్చి అతని పక్కన నిలబడ్డాడు. గిన్నె నీళ్ళు పీలుస్తోంది.

మొట్టమొదటి అంగట్లో నెరిసిన మీసాల కమ్మరి ఒకడు మూత మీద చెయ్యి వేసుకుని కూచున్నాడు. ఎవరి ముందూ వంచని మోకాళ్ళు వంచి, హరితగిరి యువరాజు అతని ముందు ఇనుప పలకల మీద కూచున్నాడు.

"అయ్యా, పెట్టెలోవి వద్దు. నీ మొలలోది చూపించు."

కమ్మరి కళ్ళెత్తలేదు. "చూపిస్తే రేపు ఆ కంబానికి నన్ను కడతారు. నన్నెవరు కోసి విడిపిస్తారు?"

"నేను కోస్తాను."

"నా కోసం కత్తిచ్చిన వాణ్ణో?"

"వాణ్ణీ నేనే."

"ఇట్లా ఎంతమందిని కోసుకుంటూ పోతావు బాబూ?"

"వీధి చివరిదాకా."

కమ్మరి మొదటిసారి తలెత్తాడు. కంబం వైపు చూశాడు. తీగ ఓబులవ్వ నడుము దాకా పాకింది. ఆమె బుగ్గన వక్క పెట్టుకుని, అటూ ఇటూ కాకుండా ఆకాశంలోకి చూస్తోంది. గిన్నె సగం నిండింది.

కమ్మరి చెయ్యి మూత మీంచి లేచి, మెల్లగా మొలలోకి పోయింది.